గర్భం మొదట్లో ప్లాంట్ స్టెరాల్స్ వాడాను, పుట్టే బిడ్డకు పరీక్ష అవసరమా?

నాకు ఇప్పుడు 27వ వారం. గర్భానికి ముందు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142 ఉండేది. అందుకని ఎనిమిది నెలల పాటు రోజుకు 2 గ్రాముల ప్లాంట్ స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ తగ్గడానికి వాడే మొక్కల పదార్థాలు), భోజనంతో పాటు క్యాప్సూల్స్‌గా తీసుకున్నాను. గర్భం అని తెలియక 7వ వారం దాకా ఆపలేదు. తెలిసిన రోజే మానేశాను.

పోయిన వారం పరగడుపున పరీక్ష చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 281, ఎల్‌డీఎల్ 176, ట్రైగ్లిజరైడ్స్ 205 వచ్చాయి. గర్భంలో ఇవి పెరగడం సహజమేనని, కాన్పు అయ్యాక మళ్లీ చూద్దామని డాక్టర్ చెప్పారు. ఆ మాట నమ్ముతున్నాను, అంకెల గురించి నాకంత భయం లేదు.

టెన్షన్ అంతా ఆ ఏడు వారాల గురించే. డబ్బా మీద గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదని ఉంది, ఎందుకో లేదు. తయారీదారుకు రెండుసార్లు మెయిల్ పెడితే డాక్టర్‌ను అడగమన్నారు. డాక్టర్‌ను అడిగితే, ఆపేశారు కదా, పర్లేదన్నారు. స్టెరాల్స్ తల్లి నుంచి మాయ దాటి కొంత బిడ్డకు చేరతాయని చదివాక మాత్రం మనసు కుదుటపడటం లేదు. మా ఇద్దరి కుటుంబాల్లో సిటోస్టెరోలీమియా (ఈ స్టెరాల్స్ రక్తంలో పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు) ఎవరికీ లేదు.

నాలాగే మొదటి వారాల్లో స్టెరాల్స్ వాడి ఆపేసినవాళ్లకు, కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తంలో గానీ తర్వాత బిడ్డకు గానీ కొలెస్ట్రాల్, స్టెరాల్ పరీక్ష చేయించమని మీ డాక్టర్ చెప్పారా?