ప్రిజం ప్రయోగంలో వక్రీభవన గుణకం మైనస్‌లో వస్తోంది, ఎక్కడ తప్పు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. గుంటూరులో బీఎస్సీ మొదటి ఏడాది చదువుతున్నాను. సోడియం దీపం, 60 డిగ్రీల ప్రిజంతో స్పెక్ట్రోమీటర్ (కాంతి వంగే కోణం కొలిచే పరికరం) ప్రయోగం చేశా. ప్రిజం లేకుండా నేరుగా చూస్తే రీడింగ్ 340 డిగ్రీల 20 నిమిషాలు, కనిష్ట విచలనం (కాంతి అతి తక్కువగా వంగే స్థితి) దగ్గర 19 డిగ్రీల 10 నిమిషాలు. తీసేస్తే 321 డిగ్రీల 10 నిమిషాలు! ఫార్ములాలో వేస్తే వక్రీభవన గుణకం, అంటే గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, మైనస్‌లో వస్తోంది. పైగా పసుపు గీత మసకగా ఉంది, తల కదిపితే అదీ కదులుతోంది. అసలు ఇన్ని గొట్టాలూ మరలూ ఎందుకో కూడా చెప్పండి. రేపే వైవా, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
స్కేలు గుండ్రం కదా తమ్ముడూ, 360 దాటి మళ్ళీ సున్నా నుంచి మొదలైంది, అంతే. 19 డిగ్రీల 10 నిమిషాలకు 360 కలిపి అప్పుడు తీసెయ్, 38 డిగ్రీల 50 నిమిషాలు వస్తుంది. క్యాలిక్యులేటర్‌లో 38.50 అని మాత్రం కొట్టకు, డిగ్రీకి 60 నిమిషాలు, కాబట్టి 50 నిమిషాలంటే 0.83 డిగ్రీ.

మరో జవాబు:
లెక్క తేలిపోయింది కానీ అసలు జబ్బు ఆ మసక. పిల్లలు నేరుగా రీడింగ్‌కి దూకేస్తారు, నేను ల్యాబ్‌లో రోజూ చూసేది ఇదే. ముందు ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) లాగి టెలిస్కోప్ లోపలి అడ్డగీతలు స్పష్టంగా కనిపించేలా పెట్టుకో. తర్వాత టెలిస్కోప్‌ని కిటికీ బయట దూరంగా ఉన్న చెట్టు మీదికి తిప్పి ఫోకస్ చెయ్, చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది, కంగారు పడకు. దూరపు వస్తువు నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరం, అంటే టెలిస్కోప్ ఇప్పుడు సమాంతర కిరణాలకు సిద్ధమైనట్టు. ఇక దాని ఫోకస్ ముట్టుకోకుండా కాలిమేటర్ (దీపం కాంతిని ప్రిజం మీదికి పంపే గొట్టం) వైపు తిప్పి, కాలిమేటర్ మరతోనే చీలిక (కాంతి లోపలికి వచ్చే సన్నని సందు) స్పష్టంగా కనిపించేలా చెయ్. తల కదిపినా గీత అడ్డగీతల మీద నుంచి జరగకపోతే కుదిరినట్టు.

ఇప్పుడు నీ 'ఎందుకు' సంగతి. చీలిక కాలిమేటర్ కటకం నాభి (ఫోకస్) దగ్గర ఉంటుంది కాబట్టి దాంట్లోంచి వచ్చిన కాంతి సమాంతరంగా బయటికి వెళ్తుంది. ప్రిజం ఒక్కో రంగును ఒక్కో కోణంలో వంచుతుంది, కానీ ఒకే రంగు కిరణాలన్నీ మళ్ళీ సమాంతరంగానే ఉంటాయి, టెలిస్కోప్ వాటిని ఒకచోటికి చేరుస్తుంది. నువ్వు చూసే 'గీత' చీలిక బొమ్మే, చీలిక గుండ్రంగా ఉంటే చుక్కలు కనిపించేవి. వైవాలో ఈ ఒక్కటి చెప్పు చాలు. కనిష్ట విచలనం అంటే ప్రిజం టేబుల్‌ని ఒకే వైపు తిప్పుతుంటే గీత జరిగి జరిగి ఆగి వెనక్కి మళ్ళే చోటు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అన్నా! గుణకం 1.519 వచ్చింది. రెండు వెర్నియర్లు (డిగ్రీలో చిన్న భాగాలు చదివే చిన్న స్కేళ్ళు) ఎందుకు, ఒకటి చదివితే సరిపోదా?

జవాబు:
సరిపోదు. స్కేలు కేంద్రమూ టెలిస్కోప్ తిరిగే ఇరుసూ అచ్చంగా ఒకేచోట ఉండవు, ఎదురెదురుగా ఉన్న రెండూ చదివి సగటు తీస్తే ఆ తేడా పోతుంది. స్కేల్లో ఒక గడి అర డిగ్రీ, వెర్నియర్‌లో 30 గడులు, కాబట్టి కనీస కొలత 1 నిమిషం. వెర్నియర్ సున్నా అర డిగ్రీ గీత దాటితే ఆ 30 నిమిషాలు కలపడం మర్చిపోకు, సగం రికార్డులు అక్కడే తప్పుతాయి. 1.519 క్రౌన్ గాజుకు సరిగ్గా సరిపోయే విలువే.

ఇంకొకరు:
గుంటూరు అన్నారు కాబట్టి ఒక మాట. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మీ ఊళ్ళోనే స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. సూర్యుడి జ్వాలల కాంతిలో కనిపించిన పసుపు గీతను మొదట సోడియందే అనుకున్నారు. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్లు, అది 587.6. ఆ కాస్త తేడాలోనే హీలియం బయటపడింది.

ప్రశ్న అడిగినవారు:
ఇది వైవాలో వాడేస్తా! ఇంకొక్కటి, దీపం వెయ్యగానే గులాబీ రంగులో ఉంటుందేంటి?

జవాబు:
మొదట వెలిగేది లోపలి నియాన్ వాయువు. సోడియం వేడెక్కి ఆవిరవ్వాలి, కొన్ని నిమిషాలు ఆగు. మధ్యలో మాత్రం ఆపెయ్యకు, మళ్ళీ మొదటి నుంచి కాచుకోవాలి.