చిన్న బండికి ఫిల్టర్, సైలెన్సర్, జెట్ మారిస్తే నిజంగా పికప్ పెరుగుతుందా? చప్పుడే పెరుగుతుందా?

కిక్‌రాడ్
నాది 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్‌దే, ఇంజెక్షన్ కాదు. పుస్తకంలో 8 హార్స్‌పవర్ అని రాసుంది. పోయిన నెల మూడు పనులు చేశాను. ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే ప్లాస్టిక్ డబ్బా) మొత్తం పీకేసి నేరుగా కార్బురేటర్ మూతికే చిన్న పాడ్ ఫిల్టర్ తగిలించాను. సైలెన్సర్ చివర బోల్టు విప్పి లోపల చప్పుడు తగ్గించే బ్యాఫిల్ లాగేశాను. కార్బురేటర్‌లో పెట్రోలు పారే రంధ్రం ఉన్న ముక్క, మెయిన్ జెట్, 90 నంబర్‌ది తీసి 95 వేశాను. పెద్ద ఖర్చేం కాలేదు, ఒక్క ఆదివారం పని. నాకైతే బండికి ప్రాణం లేచొచ్చినట్టుంది. మా బాబాయ్ మెకానిక్. ఒక రౌండ్ వేసొచ్చి "అరుస్తోంది గానీ ఉరకట్లేదురా" అని తాళం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎవరి మాట కరెక్టో మీరే చెప్పండి.

సైడ్‌స్టాండ్
బాబాయ్‌దే. చిన్న లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి 8,000 చుట్లు) దగ్గర నిమిషానికి 4,000 సార్లు. ప్రతిసారీ 100 సీసీ నిండుగా పీల్చిందనుకున్నా నిమిషానికి 400 లీటర్లు, అంటే సెకనుకు 7 లీటర్ల లోపే. శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్‌కి అదేమంత కష్టం కాదు. లేని అడ్డం తీసేసి సంబరపడితే ఎలా?

రెడ్‌లైన్
సైడ్‌స్టాండ్ గారూ, మీ లెక్కలో ఒక లొసుగుంది. ఆ 7 లీటర్లు కుళాయి నీళ్లలా ధారగా పోవు. నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదానిలోనే ఇంజన్ పీలుస్తుంది. కాబట్టి ఆ క్షణంలో ప్రవాహం మీరు చెప్పినదానికి నాలుగింతలు, అంటే సెకనుకు 27 లీటర్ల దగ్గర. సింగిల్ సిలిండర్ కాబట్టి మిగతా సమయంలో ఏమీ లేదు. ఒక్క గుక్క, మళ్లీ ఖాళీ. అప్పుడు ఫిల్టర్ అడ్డం కాదంటారా?

సైడ్‌స్టాండ్
ఒప్పుకుంటాను, సగటు తీసి తప్పు చేశాను. కానీ మీరు చెప్పింది మీకే ఎదురు తిరుగుతుంది. గుక్క గుక్కగా పీల్చే ఇంజన్‌కి ఒక నిల్వ గది కావాలి. ఆ గదే ఎయిర్ బాక్స్. ఫిల్టర్ గుండా గాలి నిదానంగా వచ్చి అందులో చేరుతుంది, ఇంజన్ అందులోంచి ఒక్కసారిగా లాగుతుంది. బాక్స్ పీకేసి పాడ్ పెడితే ఆ 27 లీటర్ల గుక్కంతా నేరుగా ఆ చిన్న పాడ్ మీదే పడుతుంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బాను సీటు కింద ఊరికే పెట్టలేదు.

రెడ్‌లైన్
...ఇది నేను ఆలోచించలేదు. సరే. కానీ డబ్బా మూతికి ఉండే ఆ సన్నటి ముక్కు గొట్టం మాత్రం చప్పుడు తగ్గించడానికే కదా? డబ్బా ఉంచి, ముక్కు తీసేసి చూడండి. నా బండికి అదే చేశాను. పై ఆర్‌పీఎంలో తేడా తెలిసింది.

పొగగొట్టం
ఆ ముక్కుకీ ట్యూనింగ్ ఉంటుంది లెండి, చప్పుడొక్కటే దాని పని కాదు. ఆ గొట్టం పొడవు, డబ్బా ఖాళీ కలిసి ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర గాలిని ఇంజన్‌లోకి తోస్తాయి. తీసేస్తే పైన కాస్త వచ్చి మధ్యలో కాస్త పోవచ్చు. రోజూ తిరిగేది మధ్యలోనే.

ఇక సైలెన్సర్ సంగతి. "ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ (పొగకి ఎదురొత్తిడి) కావాలి, అందుకే బ్యాఫిల్ తీయకూడదు" అని ఎవరో ఒకరు అనబోతారు, అందుకే ముందే చెబుతున్నాను. ఏ ఇంజనూ బ్యాక్ ప్రెషర్ కోరుకోదు. దానికి కావలసింది ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపులో పొగకి వేగం, పీడనపు అలలు సరైన సమయానికి తిరిగి రావడం. పొగ వాల్వ్ మూసుకునే లోపు, గాలి వాల్వ్ తెరుచుకున్న ఆ కాస్త క్షణంలో పైపులో పీడనం తక్కువగా ఉంటే మిగిలిన పొగ బయటికి లాగబడుతుంది, కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది. బ్యాఫిల్ తీస్తే ఆ అల తిరిగొచ్చే సమయం మారుతుంది. ఒక ఆర్‌పీఎంలో లాభం, ఇంకోచోట నష్టం. అసలు మామూలు బండ్లలో రెండు వాల్వులూ కలిసి తెరుచుకునే వ్యవధే చాలా తక్కువ, కాబట్టి లాభమైనా నష్టమైనా చిన్నదే.

టూ స్ట్రోక్ అయితే కథ వేరు. అక్కడ సైలెన్సరే సగం ఇంజన్. ఉబ్బి, మళ్లీ సన్నబడే ఆ పైపు బయటికి జారిపోయిన మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. పాతకాలం టూ స్ట్రోక్ వాళ్లు చెప్పిన మాటలు విని ఫోర్ స్ట్రోక్ బండి సైలెన్సర్ కోసేవాళ్లను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

నాలుగోగేర్
చప్పుడు 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెండింతలు వినిపిస్తుంది. అదే "పవర్" అనుకుంటారు. పక్కింటి పసిపిల్లకి మాత్రం నిద్ర పోతుంది.

కిక్‌రాడ్
అన్నా, పసిపిల్లల్ని మధ్యలోకి లాగకండి, ఇప్పటికే ఇంట్లో అమ్మ అదే అంటోంది. నాకు అర్థం కానిది ఒకటే. యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే ముందు ఓ క్షణం ఆగి, అప్పుడు లాగుతోంది. గేరు దింపి యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలుతోంది. వినడానికి బానే ఉంది గానీ...

టప్పెట్
బాబూ, ఆ పేలుడు వినడానికి బాగుంటే బాగుండనీ, అది బండి చెప్తున్న మాట. ముప్పై ఏళ్లుగా కార్బురేటర్లు విప్పుతున్నవాణ్ణి, నిదానంగా చెబుతాను.

గాలి ఎక్కువైంది, దానికి తగ్గ పెట్రోలు అందడం లేదు. పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి. గట్టిగా లాగాలంటే కాస్త చిక్కగా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా, 13కి అటూ ఇటూ ఉండాలి. నువ్వు మెయిన్ జెట్ మార్చాను కదా అంటావు. మెయిన్ జెట్ పని ముప్పావు యాక్సిలరేటర్ దాటాక మొదలవుతుంది. ఐడ్లింగ్ నుంచి పావు వంతు దాకా స్లో జెట్, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే పెట్రోలు దారిలో పైకీ కిందికీ ఆడే సూది. నువ్వు రోజంతా తిరిగేది ఈ రెండిటి మీద. వాటిని ముట్టుకోలేదు. బాక్స్ పీకి గాలి అన్నిచోట్లా పెంచావు, పెట్రోలు ఒక్కచోటే పెంచావు. ఆ "ఓ క్షణం ఆగడం" అదే. పేలడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. సైలెన్సర్ విప్పి బిగించినప్పుడు బెండ్ పైపు దగ్గర లీకు ఆపే గాస్కెట్ పాతదే వేశావా? అక్కడ గాలి లీకైనా ఇలాగే టపటపలాడుతుంది. ముందు అది చూడు.

జెట్ నంబర్ మీద కూడా ఒక మాట. అన్ని కంపెనీల నంబర్లూ ఒకే లెక్క కాదు. కొందరు రంధ్రం వ్యాసాన్ని బట్టి వేస్తారు, కొందరు పారే పెట్రోలును బట్టి. నీది వ్యాసం లెక్కే అయితే 90 నుంచి 95 అంటే 5 చిల్లర శాతం అనుకుంటావు, కానీ రంధ్రం వైశాల్యం 11 శాతం పెరిగింది. అది చిన్న మార్పు కాదు.

నీ కార్బురేటర్ ఏ రకమో చెప్పు. యాక్సిలరేటర్ కేబుల్ నేరుగా గాలి దారిని తెరిచే స్లైడ్‌ని పైకి లాగుతుందా, లేక పైన నల్ల మూత కింద రబ్బరు డయాఫ్రమ్ (పొర) ఉందా?

కిక్‌రాడ్
మీరు అడిగాక విప్పి చూశాను టప్పెట్ గారూ. రబ్బరు డయాఫ్రమ్ ఉంది.

టప్పెట్
అదే భయపడ్డాను. అందులో స్లైడ్‌ని లేపేది నీ చెయ్యి కాదు, గాలి పీడనంలో తేడా. కార్బురేటర్ మూతి దగ్గర గాలి నిశ్చలంగా ఉంటేనే ఆ తేడా సరిగా తెలుస్తుంది. బాక్స్ పోయింది కాబట్టి పక్కనుంచి గాలి కొట్టినా, లారీ పక్కనుంచి పోయినా స్లైడ్ తడబడుతుంది. కేబుల్ స్లైడ్ కార్బురేటర్లు పాడ్‌ని కొంత ఓర్చుకుంటాయి. డయాఫ్రమ్‌వి ఓర్చుకోవు. జెట్లు ఎన్ని మార్చినా ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడుతుంది.

ఇంకోటి. బాక్స్‌కి ఇంజన్ నుంచి ఒక గొట్టం వచ్చి ఉండాలి, ఇంజన్ లోపలి ఆవిరి పోయే క్రాంక్‌కేస్ బ్రీదర్. దాన్నేం చేశావు?

కిక్‌రాడ్
కిందికి వేలాడదీశాను...

టప్పెట్
వర్షంలో, దుమ్ములో తిరుగుతూ ఇంజన్ లోపలికి తెరిచి పెట్టిన గొట్టమన్నమాట. ఈ సాయంత్రమే సరిచెయ్యి.

రెడ్‌లైన్
టప్పెట్ గారు చెప్పింది ఒప్పుకుంటాను గానీ, ఇక్కడ అందరూ "ఏదీ ముట్టుకోవద్దు" అనేదాకా వెళ్తున్నారు. కంపెనీలు పొగ నిబంధనల కోసం కావాలనే మిశ్రమం పలచగా పెట్టి పంపిస్తాయి. నీడిల్‌ని పట్టి ఉంచే క్లిప్ గాడి మార్చి, నీడిల్ ఒక్క గాడి పైకి లేపితే మధ్య యాక్సిలరేటర్‌లో బండి మెత్తగా లాగడం నేను రెండు బండ్ల మీద చూశాను. క్లిప్ గాళ్లు లేని నీడిల్ అయితే దాని తల కింద అర మిల్లీమీటరు పల్చటి వాషర్ వేస్తే చాలు. ఇది దాదాపు ఉచితం. దీన్నీ తప్పు అంటారా?

టప్పెట్
అనను. నేనూ చేస్తాను. క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, మిశ్రమం చిక్కబడుతుంది. ఇక్కడే చాలామంది తిరగేసి చేస్తారు. కానీ చేసే ముందు అవసరముందా అని చూడాలి. వేడెక్కిన బండిని ఒకే వేగంలో పోనిస్తూ, మిశ్రమాన్ని చిక్కబరిచే ఛోక్ కాస్త లాగు. బండి మెరుగ్గా లాగితే మిశ్రమం పలచగా ఉంది. ఇంకా మొరాయిస్తే సరిగానో, చిక్కగానో ఉంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూడు. తెల్లగా కాలి ఉంటే పలచన, పొడి మసి పట్టి ఉంటే చిక్కన, లేత గోధుమ రంగుంటే ముట్టుకోకు. మరీ పలచనైతే ఇంజన్ అతిగా వేడెక్కి వాల్వ్ సీట్లు కాలతాయి. మరీ చిక్కనైతే పెట్రోలు బోర్ (సిలిండర్) గోడల మీది ఆయిల్‌ని కడిగేసి పిస్టన్ రింగులు అరుగుతాయి.

కార్బురేటర్‌లో ఐడ్లింగ్ మిశ్రమాన్ని సరిచేసే స్క్రూ గురించి కూడా. స్లైడ్‌కి ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, విప్పితే చిక్కన. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పితే పలచన. ఇది తెలియకుండా తిప్పి తిప్పి నా దగ్గరికి తెచ్చినవాళ్లు లెక్కలేనంతమంది.

హైవేమామ
ఇదంతా ఎందుకు, పెద్ద కార్బురేటర్ వేసుకుంటే పోలా? 18 మిల్లీమీటర్లది తీసి 24ది వేశాడు మా ఫ్రెండ్.

పొగగొట్టం
వైశాల్యం దాదాపు 78 శాతం పెరిగింది. ఇంజన్ పీల్చే గాలి అంతే. అంటే తక్కువ ఆర్‌పీఎంలో ఆ గొట్టంలో గాలి వేగం పడిపోతుంది, పెట్రోలుని సరిగా చిందించలేదు. మీ ఫ్రెండ్ సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తిప్పితే బండి "బొయ్‌య్" అని మిస్సింగ్ కొట్టి అప్పుడు కదులుతుందా?

హైవేమామ
...అవును.

చైన్‌లూబ్
పవర్ పెరిగిందనే ఒప్పుకుందాం, అప్పుడైనా ఎంత స్పీడు వస్తుంది? గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. అన్నీ అద్భుతంగా కుదిరి 10 శాతం పవర్ పెరిగిందనుకోండి, 80లో పోయే బండి 82.6 పోతుంది. దానికోసం ఇంత గొడవ.

మీకు కావలసింది పికప్ అయితే మొదట ఇంజన్ వైపు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చూడండి. 14 పళ్లది తీసి 13 వేస్తే వెనక చక్రానికి అందే లాగుడు 7 శాతం పైన పెరుగుతుంది, ప్రతి గేరులో, ప్రతి ఆర్‌పీఎంలో. జెట్లు ముట్టుకోనక్కర్లేదు. పోగొట్టుకునేది అదే నిష్పత్తిలో ఒక్కో ఆర్‌పీఎంకి వేగం. హైవే మీద ఇంజన్ కాస్త ఎక్కువ గోల చేస్తుంది. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తే రీడింగ్ మారదు.

సైడ్‌స్టాండ్
అసలు ఏది చేసినా ముందు టైర్లలో గాలి, చైన్ బిగువు, బ్రేకు ఈడ్చుకుంటోందా, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) చూసుకోండి. సగం బండ్లకి పోయిన పవర్ తిరిగొస్తే అదే ట్యూనింగ్. కిక్‌రాడ్, మీకూ బాబాయ్‌కీ పంచాయితీ తీరాలంటే స్టాప్‌వాచ్ పెట్టండి. మూడో గేరులో 30 నుంచి 60 దాకా, ఒకే రోడ్డు, రెండు వైపులా, వెనక ఎవరూ కూర్చోకుండా, ట్యాంకులో అంతే పెట్రోలు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

కిక్‌రాడ్
రెండు వారాలు పట్టింది, ఇప్పుడు చెబుతున్నాను. బాబాయ్ వెనక నిలబడి ఫోన్‌లో టైమ్ చూశాడు, మాటలు మళ్లీ మొదలయ్యాయి. పాడ్, ఖాళీ సైలెన్సర్‌తో తీసిన టైమ్‌కన్నా ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టి 90 జెట్ వేశాక సుమారు అర సెకను తొందరగా అందుకుంది. రెండు వైపులా అంతే. నేను వేగంగా పోతున్నాననుకున్న బండే నెమ్మదిగా పోయింది, నమ్మలేకపోయాను. బ్రీదర్ గొట్టం బాక్స్‌కి పెట్టేశాను. బెండ్ పైపు గాస్కెట్ టప్పెట్ గారు అన్నట్టే పగిలిపోయి ఉంది, కొత్తది వేశాక పేలడం తగ్గింది. ఛోక్ టెస్టు చేశాను, సగం యాక్సిలరేటర్ దగ్గర కాస్త మెరుగ్గా లాగింది. నీడిల్‌కి గాళ్లు లేవు, వాషర్ వెయ్యాలి. ఒకటే సమస్య, సైలెన్సర్ బ్యాఫిల్ ఎక్కడ పెట్టానో దొరకట్లేదు.

రెడ్‌లైన్
అర మిల్లీమీటరు వాషర్ ఒక్కటే వెయ్యి తమ్ముడూ, రెండు వెయ్యకు. వేశాక ప్లగ్ రంగు చెప్పు.

టప్పెట్
బ్యాఫిల్ మంచం కింద చూడు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లందరూ అక్కడే పెడతారు.