వండర్‌లాకి ఆరుగురం వెళ్తున్నాం, ఒకమ్మాయికి ఎత్తంటే భయం. రోజంతా కలిసే ఉండాలంటే ఎలా?

మారతహళ్లి పీజీ అమ్మాయి:

అందరికీ నమస్తే. మేం ఆరుగురం అమ్మాయిలం, బెంగళూరు మారతహళ్లిలో ఒకే పీజీలో మూడేళ్లుగా ఉంటున్నాం. ఇద్దరిది అనంతపురం, మిగతావాళ్లది కడప, మదనపల్లె, కర్నూలు, నెల్లూరు. నెల్లూరు అమ్మాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల మొదటి వారంలో వెళ్లిపోతోంది. మూడేళ్లలో ఆరుగురం కలిసి ఒక్క రోజు పూర్తిగా బయట గడిపింది లేదు. ఒకరికి నైట్ షిఫ్టు ఉంటుంది, ఇంకొకరు ఊరికి వెళ్లి ఉంటారు, ఎప్పుడూ ముగ్గురమో నలుగురమో మిగులుతాం. అందుకే ఈసారి అందరం ఒక గురువారం సెలవు పెట్టి బిడది దగ్గర ఉన్న వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్దామనుకున్నాం.

సమస్య ఏమిటంటే, ఆ వెళ్లిపోయే అమ్మాయికే ఎత్తంటే భయం. మా పీజీ మేడ మీద పిట్టగోడ దగ్గరికి కూడా రాదు, బట్టలు కూడా లోపలి తీగ మీదే ఆరేసుకుంటుంది. "మీరు ఎక్కండే, నేను కింద బ్యాగులు చూసుకుంటా" అంటోంది. ఆమె కోసం పెట్టుకున్న రోజున ఆమే బ్యాగులకు కాపలా కూర్చుంటే నాకు మనసు ఒప్పదు. మిగతావాళ్లలో ముగ్గురు రీకాయిల్ అనే పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కకుండా ఇంటికి రామంటున్నారు. ఇంకొకామెకు సరిగ్గా ఆ వారంలోనే డేట్ వస్తుంది, నీళ్లలో దిగగలదో లేదో తెలియదు.

వండర్‌లా మానేసి ఇంకెక్కడికైనా వెళ్లాలా? లేక అక్కడే ఆరుగురం ఎక్కువసేపు కలిసి ఉండేలా ఏదైనా దారి ఉందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్. ఇంకో మాట, మాకు కారు లేదు, రెండు స్కూటీలు ఉన్నాయి.

మైసూరు రోడ్డు అబ్బాయి:

నేను కెంగేరిలో ఉంటాను, ఫ్రెండ్స్ వచ్చినప్పుడల్లా తీసుకెళ్తుంటాను కాబట్టి ప్రయాణం సంగతి నేను చెప్తాను. స్కూటీల మీద వద్దు. బెంగళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్ వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి టూ వీలర్లు, ఆటోలు నిషేధం, సర్వీస్ రోడ్డు పట్టుకుని వెళ్లాలి. మారతహళ్లి నుంచి అంత దూరం వచ్చి, రోజంతా ఎండలో నీళ్లలో అలసిపోయి, చీకట్లో సర్వీస్ రోడ్డు మీద తిరిగి వెళ్లడం నాకైతే భయం.

మెట్రో ఎక్కండి. మీకు కుందలహళ్లి స్టేషన్ దగ్గర కదా, పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఒకటే లైను, ఎక్కడా మారక్కర్లేదు. దూరం ఎక్కువే కానీ ఆరుగురు పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పోతే తెలియదు. కెంగేరి బస్ టెర్మినల్ స్టేషన్లో దిగితే బిడది వైపు వెళ్లే బస్సులు దొరుకుతాయి, లేదంటే అక్కడి నుంచి ఒక పెద్ద క్యాబ్ మాట్లాడుకుని ఆరుగురూ పంచుకోండి. ఒక్క విషయం, బస్సులో ఆడవాళ్లకు ఫ్రీ కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోకండి. శక్తి పథకం కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే. మీ ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంటే టికెట్ కొనాల్సిందే. మా చెల్లెలు కండక్టర్ అడిగేదాకా ఈ సంగతి తెలియక అందరి ముందూ చాలా ఇబ్బంది పడింది.

గురువారం మంచి ఎంపిక. శని ఆదివారాల్లో ఒక్కో పెద్ద రైడ్‌కు క్యూలోనే ప్రాణం పోతుంది. మామూలు రోజుల్లో 11 గంటలకు తెరుస్తారు, పదిన్నరకల్లా గేటు దగ్గర ఉండండి. బిడది అంటే తట్టె ఇడ్లీ, అది తినకుండా వెళ్లకండి. తట్టె అంటే కన్నడలో పళ్లెం, ఇడ్లీ కూడా పళ్లెమంత ఉంటుంది. కానీ ఒక్కటి తిని ఆపండి, పైన వడ, కేసరీబాత్ జోలికి పోవద్దు. కడుపు నింపుకుని తిరిగే రైడ్లు ఎక్కితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

వీకెండ్ బ్యాచ్:

ఇంత ఆలోచన ఎందుకు చెల్లీ. ఆ అమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టి, రెండు వైపులా ఇద్దరు చేతులు పట్టుకుని ఒక్కసారి ఎక్కించేయండి. మా ఫ్రెండ్ ఒకడిని అలాగే ఎక్కించాం, దిగాక వాడే మళ్లీ ఎక్కుదాం అన్నాడు. భయం ఒక్కసారితో పోతుంది. మూడేళ్లు కలిసి ఉన్నారు, ఆ మాత్రం చనువు ఉండదా?

హొసూరు రోడ్ అక్క:

పై తమ్ముడి మాట దయచేసి వినకమ్మా. అతని స్నేహితుడికి అలా కుదిరింది, సంతోషం. మాకు కుదరలేదు. నేను చెన్నైలో పనిచేసే రోజుల్లో ఆఫీసువాళ్లం ఎనిమిది మందిమి ఒక పార్కుకు వెళ్లాం. మాలో ఒకమ్మాయి వద్దు వద్దంటున్నా మేమే నవ్వుతూ లాక్కెళ్లి కూర్చోబెట్టి బెల్ట్ పెట్టించాం, అందులో నేనూ ఉన్నాను. రైడ్ రెండు నిమిషాలు కూడా లేదు. దిగాక ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి, మధ్యాహ్నం అన్నం ముట్టలేదు, సాయంత్రం దాకా మాతో సరిగా మాట్లాడలేదు. ఆమెకు చిన్నప్పుడు మేడ మీద నుంచి పడిన అనుభవం ఉందని తర్వాత తెలిసింది. నేను క్షమాపణ అడిగాను, ఆమె పర్వాలేదంది. కానీ ఆ తర్వాత మేం ఎక్కడికి పిలిచినా రాలేదు. పదేళ్లయింది, ఇప్పటికీ ఆ ముఖం నాకు గుర్తుంది.

నువ్వు ఇక్కడ మమ్మల్ని అడిగావు, మంచిదే. ఆ అమ్మాయిని అడిగావా? "నీకు ఆ రోజు ఏం చేయాలని ఉంది" అని ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడుగు, ఐదుగురి ముందు అడిగితే మీ ఉత్సాహం పాడుచేయకూడదని ఏదో ఒకటి అనేస్తుంది. "బ్యాగులు చూసుకుంటా" అన్నది కూడా అలాంటి మాటే అనిపిస్తోంది నాకు. బ్యాగులకు లాకర్లు ఉంటాయి, డబ్బు కట్టి పెట్టేస్తే కాపలా ఎవరికీ ఉండదు.

స్థలం మార్చక్కర్లేదు. అది 82 ఎకరాల పార్కు, 2005లో మొదలైంది, అప్పటి నుంచి చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. ఎత్తు లేని ఆటలు బోలెడు. వేవ్ పూల్‌లో అలలు వచ్చినప్పుడు ఆరుగురు చేతులు పట్టుకుని నిలబడండి, లేజీ రివర్‌లో ట్యూబు మీద పడుకుంటే నీళ్లే మెల్లగా తీసుకెళ్తాయి, అక్కడ మాట్లాడుకున్నన్ని మాటలు మేం ఇంట్లో కూడా మాట్లాడుకోలేదు. రెయిన్ డిస్కోలో చీకటిగా ఉండి పైనుంచి గోరువెచ్చని నీళ్లు పడుతూ పాటలు వస్తుంటాయి, డాన్స్ రానివాళ్లు కూడా గెంతుతారు. ఇవన్నీ ఆరుగురివీ. స్కై వీల్ అనే జెయింట్ వీల్ జోలికి మాత్రం తీసుకెళ్లకండి, మెల్లగా తిరుగుతుంది కదా అనుకుంటారు కానీ ఎత్తంటే భయం ఉన్నవాళ్లకు మెల్లగా ఎత్తుకు పోవడమే ఎక్కువ కష్టం.

డేట్ వచ్చే అమ్మాయి సంగతి. మెన్‌స్ట్రువల్ కప్పు గానీ టాంపన్ గానీ ముందు నుంచీ వాడే అలవాటుంటే నిశ్చింతగా నీళ్లలోకి దిగొచ్చు. అలవాటు లేకపోతే ఆ రోజే మొదటిసారి ప్రయత్నించవద్దని చెప్పు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ప్యాడ్‌తో నీళ్లలో దిగడం కుదరదు. పొడి రైడ్లకు ఏ అడ్డూ లేదు, నొప్పి లేకపోతే చాలు. ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోమను.

నీళ్లలోకి నైలాన్ బట్టలే ఉండాలి, కాటన్ లెగ్గింగ్సు, చున్నీలు ఒప్పుకోరు. కాటన్ పోగులు ఊడి నీళ్ల ఫిల్టర్లకు అడ్డం పడతాయి, పైగా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. పార్కులోనూ అమ్ముతారు కానీ మీరు ముందే కొనుక్కుంటే కొలతలు చూసుకుని హాయిగా ఎంచుకోవచ్చు. నిండుగా ఉండే ఫుల్ చేతులవి, మోకాళ్ల కిందికి వచ్చేవి కూడా బజార్లో దొరుకుతాయి.

మెకానికల్ అన్న:

అక్క చెప్పింది వంద శాతం నిజం, బలవంతం వద్దు. ఒకవేళ ఆ అమ్మాయే తనంతట తాను ఒక చిన్న కోస్టర్ ఎక్కి చూస్తా అంటే మాత్రం ఈ నాలుగు మాటలు చెప్పు. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే కొంతమందికి భయం సగమవుతుంది, నాకు అలాగే తగ్గింది.

మామూలు రోలర్ కోస్టర్ బండికి ఇంజిన్ ఉండదు. పైకి లాగి వదిలేస్తారు, అంతే. ఆ ఎత్తులో దాచుకున్న శక్తితోనే మొత్తం చుట్టి వస్తుంది, రాపిడికి కొంచెం కొంచెం పోతుంటుంది కాబట్టి మొదటి ఎత్తే అన్నింటికన్నా ఎక్కువ. దాన్ని దాటితే అంత ఎత్తు మళ్లీ రాదు, ఈ మాట ఆమెకు ముందే చెప్పు. రీకాయిల్ ఇలాంటిది కాదు, ముందుకు తలకిందులుగా తిరిగి, వెళ్లిన దారిలోనే వెనక్కి వస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగా ఏం రాబోతోందో కనిపించదు. మొదటిసారి ఎక్కేవాళ్లకు అది అసలు వద్దు.

దిగేటప్పుడు కడుపులో ఏదో తేలినట్టు ఉంటుంది కదా, అది ప్రమాదం కాదు. మామూలుగా సీటు మనల్ని కింద నుంచి మోస్తుంటుంది, ఆ ఒత్తిడికి మన శరీరం అలవాటు పడి ఉంటుంది. సీటూ మనమూ కలిసి కిందికి పడుతున్నప్పుడు ఆ ఒత్తిడి తగ్గిపోతుంది, లోపలి అవయవాలు కూడా తేలికైనట్టు అనిపిస్తుంది. పొట్ట కాస్త బిగించి, గట్టిగా అరుస్తూ గాలి వదిలితే చాలా తగ్గుతుంది. తల వెనక్కి ఆనించి ఎదురుగా చూడమను. మధ్య వరస సీట్లు మేలు. చివరి పెట్టెలో కూర్చుంటే, ముందు పెట్టెలు అప్పటికే కిందికి దూసుకుపోతూ మనల్ని శిఖరం మీద నుంచి వేగంగా లాగేస్తాయి, అందుకే వెనక కూర్చున్నవాళ్లకు గాల్లోకి లేచినట్టు ఉంటుంది. మీ ముగ్గురు ఉత్సాహవంతులను వెనక కూర్చోమను.

గుండ్రంగా తిరిగే రైడ్లు వరుసగా రెండు ఎక్కవద్దు. చెవి లోపల ఉండే ద్రవం తిరుగుతున్నామని చెప్తుంది, కళ్లు ఇంకోటి చెప్తాయి, ఆ రెండూ కలవకపోతే వాంతి వచ్చినట్టవుతుంది. మధ్యలో అరగంట ఆగండి, నీళ్లు తాగండి. నడుం నొప్పి, బీపీ, గుండె సమస్య, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ఎవరైనా ఉంటే పెద్ద రైడ్ల ముందు పెట్టిన బోర్డు చదవండి, ఊరికే పెట్టలేదు.

వరస విషయంలో నాది ఒకటే మాట. ఉదయం రాగానే జనం తక్కువ ఉన్నప్పుడు పొడి రైడ్లు, ఒంటిగంటన్నరకు భోజనం, ఎండ ముదిరాక నీళ్లు.

మైసూరు రోడ్డు అబ్బాయి:

అన్నా, నేను ఉదయమే నీళ్లు అంటాను. గేటు తెరవగానే అందరూ రీకాయిల్ వైపే పరుగెత్తుతారు, పూల్స్ ఖాళీగా ఉంటాయి. ఆరుగురు కలిసి ఉండాలన్నదే ముఖ్యం అయితే మొదట అందరికీ నచ్చేవి అయిపోవాలి కదా.

మెకానికల్ అన్న:

జనం సంగతి నిజమే తమ్ముడూ. కానీ ఉదయమే తడిస్తే తర్వాత పొడి బట్టలు మార్చుకోవడానికి అరగంట, జుట్టు ఆరక రైడ్ మీద గాలికి చలి. ఆరుగురు అమ్మాయిలు, వాష్ రూం క్యూ కూడా లెక్కేసుకో. సాయంత్రం అందరూ తడిసి ఉంటే ఒక్కసారే మార్చుకుని బయటికి రావచ్చు.

మారతహళ్లి పీజీ అమ్మాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అక్కా, మీ మాట చదివి నిన్న రాత్రి మేడ మీద బట్టలు తీసేటప్పుడు తనను ఒక్కదాన్నే అడిగాను. మొదట "ఏమీ లేదు, మీరు సరదాగా ఉంటే చాలు" అంది. నేను ఊరుకోలేదు. కాసేపాగి, పైకి ఎక్కడం కన్నా మేం ఐదుగురం ఎక్కుతుంటే కింద ఒంటరిగా నిలబడి, అందరూ తనను చూసి "ఈమెకు భయం" అనుకుంటారేమో అన్నదే ఎక్కువ బాధ అని చెప్పింది. ఇన్నాళ్లూ ఒకే గదిలో ఉండి నేను ఇది గ్రహించలేదు. నాకు ఏడుపొచ్చింది.

కాబట్టి ఇలా అనుకున్నాం. పెద్ద రైడ్లు ఎప్పుడూ ముగ్గురే ఎక్కుతారు, తనతో కింద ఇద్దరం ఉంటాం, వంతులవారీగా మారతాం, తనను ఒక్కదాన్నే ఉంచేది లేదు. మెకానికల్ అన్న చెప్పింది చదివి వినిపిస్తే, మొదటి ఎత్తే అన్నింటికన్నా పెద్దదన్న మాట తనకు బాగా నచ్చింది, పిల్లలు ఎక్కే చిన్న కోస్టర్ ఒకటి చూస్తా, ఎక్కాలా వద్దా అన్నది అక్కడికి వెళ్లాక చెప్తా అంది. వద్దంటే వద్దు. లేజీ రివర్ పేరు వినగానే మాత్రం కళ్లు మెరిశాయి.

డేట్ వచ్చే అమ్మాయికి కప్పు అలవాటు లేదు, ఆ వారం తప్పించి తర్వాతి గురువారానికి మార్చాం. నెల్లూరు అమ్మాయికి పుణె రైలు ఆ శనివారమే, కానీ తనే మార్చమంది, అందరూ నీళ్లలో ఉండాలట. ఉదయం ఏడింటికి కుందలహళ్లిలో మెట్రో ఎక్కుతాం. ఆరుగురం ఒక్కో తట్టె ఇడ్లీ మాత్రమే.

ఒక్క చివరి సందేహం అక్కా, తనకు నిండుగా ఉండే నైలాన్ బట్టలు కావాలి, మారతహళ్లిలో చూశాను, సైజు దొరకలేదు. ఇంకెక్కడ చూడమంటారు?

హొసూరు రోడ్ అక్క:

చిక్కపేటలో చూడు తల్లీ, బట్టల సందుల్లో అడిగితే చూపిస్తారు. పర్పుల్ లైన్‌లోనే మెజెస్టిక్ దాకా వచ్చి గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషన్ అదే. ఆదివారం ఉదయం వెళ్తే కొన్ని కొట్లు మూసి ఉంటాయి, శనివారం వెళ్లు. ఆ అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లు.