పాత ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చవచ్చా, మార్చినా ప్రయోజనం ఉంటుందా?

నా ల్యాప్‌టాప్‌లో 2012 నాటి ఇంటెల్ కోర్ ఐ5-3210ఎం ప్రాసెసర్ ఉంది. వెనుక మూత తీసి చూడగా, అది మదర్‌బోర్డుకు సోల్డర్ చేసినది (శాశ్వతంగా అతికించినది) కాదని, సాకెట్‌లో అమర్చినదని తెలిసింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దాదాపు కనిపించని సౌకర్యమిది. దాని స్థానంలో నాలుగు కోర్ల (ఒకేసారి పనిచేసే నాలుగు విభాగాల) ఐ7-3632క్యూఎం పెట్టాలని ఆలోచిస్తున్నాను.

రెండింటి విద్యుత్ పరిమితీ 35 వాట్లే కాబట్టి ఉన్న ఫ్యాన్, హీట్‌సింక్ (వేడిని బయటకు పంపే లోహపు భాగం) సరిపోతాయని అనుకుంటున్నాను గానీ, గంటల తరబడి వీడియో ఎన్‌కోడింగ్ చేసేటప్పుడు నాలుగు కోర్లూ పూర్తి భారంతో నడిస్తే ఆ అంచనా నిలుస్తుందా? సాకెట్ సరిపోయినా బయోస్ (యంత్రాన్ని మొదలుపెట్టే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోతే యంత్రం మొదలే కాదు కదా, కొనడానికి ముందే దాన్ని నిర్ధారించుకునే మార్గం ఏమిటి? ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఇప్పటికే ఉన్నాయి కనుక ఆ సలహాలు అక్కరలేదు. ఇలాంటి మార్పు స్వయంగా చేసినవారు తమ అనుభవం తెలియజేయగలరు.