పిల్లలకు చదివే అలవాటు చేయడంలో గ్రంథపాలకుల పాత్ర ఎంత?

ప్రశ్న (తిరుపతి, ఒక తల్లి):
మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. గ్రంథాలయానికి తీసుకువెళితే, పోటీ పరీక్షలకు చదువుకునేవారూ, దినపత్రికలు చూసే పెద్దలూ తప్ప ఆ వయసు పిల్లలు కనిపించలేదు. పిల్లల కోసమే ఒక గ్రంథపాలకుడు ఉంటే నిజంగా మార్పు వస్తుందా, లేక పుస్తకాలు కొనిస్తే సరిపోతుందా?

సమాధానం (చిత్తూరు, పాఠశాల గ్రంథపాలకురాలు):
అమ్మా, కొనివ్వడం మంచిదే కానీ, ఏ బిడ్డకు ఏ పుస్తకం నచ్చుతుందో గుర్తించేవారు లేకపోతే అవి బీరువాలోనే ఉండిపోతాయి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని భారతీయ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే సూత్రీకరించారు. నేను కథను ఉత్కంఠ కలిగే చోటు వరకు బిగ్గరగా చదివి, అక్కడ ఆపి పుస్తకాన్ని బల్లమీద పెట్టేస్తాను. మిగతాది తెలుసుకోవడానికి పిల్లలే వంతులు వేసుకుంటారు. చదివిన తరువాత ప్రశ్నలు అడగను, మార్కులు వేయను. ఈ చివరి మాట చాలా ముఖ్యం.

సమాధానం (తిరుపతి, ఉపాధ్యాయుడు):
మేడమ్ గారితో ఏకీభవిస్తున్నాను. అయితే నేటి అక్షరాస్యత అంటే ఫోన్‌లో వచ్చినదాన్ని పరీక్షించగలగడం కూడా. వాట్సాప్‌లో దర్శనం టికెట్ల లింకు వస్తే, ఆ చిరునామాను దేవస్థానం అధికారిక చిరునామాతో అక్షరం అక్షరం పోల్చి చూడడం పిల్లలకు నేర్పాలి. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు ఈ పని మాకన్నా ఓపికగా చేయగలడు.

సమాధానం (చిత్తూరు, విశ్రాంత ఉద్యోగి):
ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. కాబట్టి తల్లిదండ్రులు కలిసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టి, బాలల విభాగానికి ప్రత్యేకంగా ఒకరిని నియమించమని అడగండి.