అప్‌డేట్: చివరి ట్యాబ్ మూసినా ఇప్పుడు విండో పోవడం లేదు

పోయిన వారం నేను అడిగింది ఇదే: ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్ డబ్ల్యూ కొడుతూ పోతే చివరి ట్యాబ్‌తో పాటు విండో కూడా మూసుకుపోతోంది, ఆపడం ఎలా అని. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. మళ్లీ తెరవాలంటే ప్రతిసారీ ఎదురుచూపులే.

మీలో ఒకరు చెప్పినట్టే అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ (ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగ్‌ల పేజీ) అని కొట్టాను. జాగ్రత్త అనే హెచ్చరిక వచ్చింది, ఒప్పుకుని ముందుకెళ్లాను. ‘బ్రౌజర్.ట్యాబ్స్.క్లోజ్‌విండోవిత్‌లాస్ట్‌ట్యాబ్’ వెతికి, ట్రూ మీద రెండుసార్లు నొక్కితే ఫాల్స్ అయింది. అంతే! చివరి ట్యాబ్ మూసినా విండో అలాగే ఉంటోంది, కొత్త ఖాళీ ట్యాబ్‌తో. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పనిలో పనిగా ఇంకోటి కూడా మార్చుకున్నాను. ట్యాబ్‌లు ఎక్కువై సన్నబడితే, చూస్తున్న ట్యాబ్‌కి తప్ప మిగతా వాటికి ఇంటూ గుర్తు కనిపించదు కదా. ట్యాబ్ ఎంత సన్నబడితే ఆ గుర్తు దాచాలో చెప్పే ‘ట్యాబ్‌క్లిప్‌విడ్త్’ సెట్టింగ్ కూడా అదే పేజీలో ఉంది. దాని విలువ మామూలుగా 140 ఉంటుంది, దాన్ని 60 చేశాను. ఇప్పుడు అన్నిటికీ కనిపిస్తోంది. మౌస్ చక్రంతో ట్యాబ్ మీద నొక్కినా మూసుకుంటుందని చెప్పారు కానీ, నేను ఎక్కువగా టచ్‌ప్యాడే వాడతాను, నాకు ఇంటూ గుర్తే అలవాటు.

పొరపాటున మూసినవాటిని మళ్లీ తెరవడానికి కంట్రోల్ షిఫ్ట్ టీ ఉంది కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్ అండీ.