4ఎల్60ఈ 3-4 క్లచ్‌కి ఎర్ర ప్లేట్లా, ఫ్యాక్టరీ రకం లైనింగా?

డాలస్_శీను:
అందరికీ నమస్కారం. బండి 2001 కమారో జెడ్28, ఎల్‌ఎస్1 ఇంజన్, 4ఎల్60ఈ గేర్‌బాక్స్ (జీఎం వాళ్ళ నాలుగు గేర్ల ఆటోమేటిక్). పాత ఓనర్ క్యామ్, హెడర్లు మార్చేశాడు. చక్రాల దగ్గర 400 హార్స్‌పవర్ దాకా వస్తోంది. ఈమధ్య ఫుల్ థ్రాటిల్‌లో రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరి, ఆ తర్వాత గేరు పడుతోంది. దించి విప్పితే మూడు, నాలుగు గేర్లలో పట్టుకునే 3-4 క్లచ్ ప్లేట్లు బొగ్గులా ఉన్నాయి. మిగతావి పర్లేదు.

ఇప్పుడు ఏం వేయాలో తెలియక తల తిరుగుతోంది. ఒకరు ఎర్ర లైనింగ్ (ప్లేటు మీద రుద్దుకునే పొర) ఉన్న ఆల్టో రెడ్ ఈగిల్ అంటారు, ఒకరు రేబెస్టాస్ జెడ్-ప్యాక్ అంటారు, ఇంకొకరు బోర్గ్‌వార్నర్ వాళ్ళ మామూలు ఫ్యాక్టరీ రకం, టాన్ (లేత గోధుమ) రంగువే చాలంటారు. ధరలో పెద్ద తేడా లేదు. మళ్ళీ గేర్‌బాక్స్ దించాల్సి వస్తుందేమో అనే టెన్షనే. వాడకం ఎక్కువ రోడ్డు మీద, అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్.

నైట్రో_నాని:
బ్రో, ఇందులో ఆలోచించేదేముంది? ఎర్ర ప్లేట్లు వేసెయ్. అవి గట్టిగా పట్టుకుంటాయి, షిఫ్ట్ టక్కున అయిపోతుంది. జారే టైమ్ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే క్లచ్ మాడదు. టాన్ ప్లేట్లు మెత్తగా మారడానికి చేసినవి. కంపెనీవాడికి కస్టమర్ కాఫీ ఒలక్కపోతే చాలు, నీ క్వార్టర్ మైల్ టైమ్‌తో వాడికి పనేముంది?

గ్రీజుచేతులు:
నాని, నువ్వు చెప్పింది సగం నిజం. నేను హ్యూస్టన్‌లో గేర్‌బాక్స్ షాపులోనే పని చేస్తాను, మాకు ఎక్కువగా వచ్చేవి ఇవే. ఎర్ర లైనింగ్ కొత్తలో బాగా పట్టుకుంటుంది, కాదనను. కానీ ఒక్కసారి ఓవర్‌హీట్ అయితే దాని పైపొర గాజులా నున్నబడుతుంది, ఆ తర్వాత పాత పట్టు రాదు. మంచి టాన్ లైనింగ్ ఆ వేడిని తట్టుకుని మళ్ళీ మామూలుగా పని చేస్తుంది. ట్రాఫిక్‌లో తిరిగే బండికి నేను టాన్ వేస్తాను, రేసుకి మాత్రమే వాడే బండికైతే ఎర్రవి.

శీను గారూ, అంతకన్నా ముందు అసలు ప్రశ్న. ఆ ప్లేట్లు ఎందుకు మాడాయో చూశారా? రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ఎగరడం అంటే క్లచ్‌కి ప్రెజర్ చాలడం లేదని అనుమానించాలి. లైనింగ్ మీద కోపం తర్వాత.

లెక్కల_మాస్టారు:
కొంచెం లెక్క చూద్దాం. క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి గుణకారం: రుద్దుకునే ముఖాలు ఎన్ని, ఘర్షణ గుణకం ఎంత, పిస్టన్ ఎంత బలంతో నొక్కుతోంది, ప్లేటు సగటు వ్యాసార్థం ఎంత.

ఆయిల్‌లో తడిసిన పేపర్ లైనింగ్ గుణకం 0.12 అనుకోండి. దాన్ని 0.14 చేసే లైనింగ్ తెచ్చారు. లాభం సుమారు 17 శాతం. ఇక్కడ మామూలుగా 6 ఫ్రిక్షన్ ప్లేట్లు (లైనింగ్ ఉన్నవి) ఉంటాయి, అంటే 12 ముఖాలు. ఏడోది ఇరికిస్తే 14 ముఖాలు, లాభం అదే 17 శాతం. లైన్ ప్రెజర్ (పంపు ఇచ్చే ఆయిల్ ఒత్తిడి) అంతే శాతం పెంచినా, రిటర్న్ స్ప్రింగ్ బలం పోను, దాదాపు అంతే వస్తుంది. మీరంతా నాలుగింటిలో ఒకదాని కోసమే కొట్టుకుంటున్నారు.

ఇక వేడి. 4ఎల్60ఈ రెండో గేరు 1.63, మూడోది 1.00. 6000 ఆర్‌పీఎం దగ్గర గేరు మారితే ఇంజన్ దాదాపు 3700కి దిగాలి. ఆ 2300 ఆర్‌పీఎం తగ్గేటప్పుడు ఇంజన్, కన్వర్టర్ (ఇంజన్ టార్క్‌ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) వదిలే శక్తిలో చాలా భాగం ఆ చిన్న ప్యాక్‌లోకే వస్తుంది. క్లచ్ వేగంగా పట్టుకున్నా ఆ శక్తి మాయమవదు. జారుతున్నంత సేపూ ఇంజన్ అదనంగా తోసేదొక్కటే తగ్గుతుంది.

నైట్రో_నాని:
మాస్టారూ, అయితే ఏడు కాదు, తొమ్మిది వేద్దాం! 😀

లెక్కల_మాస్టారు:
వెయ్యొచ్చు, కానీ ప్లేట్లు కూర్చునే డ్రమ్ములో చోటు పెరగదు కదా. ప్లేట్లు పెరిగేకొద్దీ వాటి మధ్య ఉండే వట్టి స్టీల్ ప్లేట్లు (స్టీళ్ళు) పలచనవుతాయి. పేపర్ వేడిని సరిగా పోనివ్వదు, వేడిని మింగేది స్టీల్ ప్లేటే. పలచని స్టీల్ త్వరగా కాలి, నీలం మచ్చలు పడి వంగుతుంది. జెడ్-ప్యాక్ ఆలోచన ఇక్కడే నాకు నచ్చుతుంది. అందులో ప్రతి ప్లేటుకీ ఒకవైపే లైనింగ్, రెండోవైపు వట్టి స్టీల్. రెండువైపులా లైనింగ్ ఉన్న ప్లేటులో మధ్య రేకు పేపర్ల మధ్య ఇరుక్కుని వేడి తీసుకోలేదు. ఒకవైపు లైనింగ్ ఉన్నవాటిలో రేకులన్నీ ఆ పని చేస్తాయి.

గ్రీజుచేతులు:
నిజమే, కానీ వేడి ఒక ముఖం నుంచే వస్తుంది కాబట్టి అవి మితిమీరి కాలితే గొడుగులా వంగే ప్రమాదం ఉంది. ఒకసారి వంగితే క్లియరెన్స్ (ప్లేట్ల మధ్య ఖాళీ) లెక్క మొత్తం పోయినట్టే. చల్లారే టైమ్ ఇచ్చే బండికి బాగుంటాయి, వరుసగా పరుగులు తీసేవాడికి నేను వెయ్యను.

గుంటూరు_ప్రొక్లెయినర్:
గురువుల మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను లోడర్లు, డోజర్లు రిపేర్ చేస్తాను. మా పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సుల్లో సింటర్డ్ బ్రాంజ్ (కంచు పొడిని నొక్కి కాల్చి చేసిన) ప్లేట్లు కూడా వస్తాయి, అవి అంత తొందరగా మాడవు. కారుకి అవే ఎందుకు వేయరు?

లెక్కల_మాస్టారు:
మంచి ప్రశ్న అన్నా. బ్రాంజ్ వేడిని బాగా లాగుతుంది, కానీ తడి ఆయిల్‌లో దాని ఘర్షణ పేపర్ కన్నా తక్కువ. పెద్ద ప్లేట్లు, పెద్ద పిస్టన్ ఉంటే ఆ లోటు పూడుతుంది. కారు డ్రమ్ములో అంత చోటు లేదు.

గ్రీజుచేతులు:
ఇప్పుడు శీను గారి పనికి వద్దాం. కొత్త ప్లేట్లు కొనేముందు ఇవి చూడండి. గేర్‌బాక్స్ బయటి కేసులో థర్డ్ అక్యుములేటర్ చెక్‌బాల్ (ఆయిల్ దారి మూసే చిన్న గుండు) ఉండే క్యాప్సూల్ ఉంటుంది. అది సరిగా మూసుకోకపోతే 3-4 క్లచ్‌కి వెళ్ళాల్సిన ఆయిల్ అక్కడే కారిపోతుంది. సాల్వెంట్ పోసి కారుతుందో లేదో చూడండి, అనుమానం ఉంటే మార్చేయండి. ఇన్‌పుట్ షాఫ్ట్ మీది 4 టెఫ్లాన్ రింగులు, పిస్టన్ లిప్ సీళ్ళు, పంపులో ప్రెజర్ పెంచే బూస్ట్ వాల్వ్ కూడా చూడండి. డ్రమ్ము కట్టాక గాలి పెట్టి టెస్ట్ చేయండి, పిస్టన్ 'టప్' మని కొట్టాలి, బుస్సుమనకూడదు. బండికి ఎక్కించాక కేసు మీద ప్రెజర్ గేజ్ పెట్టి చూడకుండా స్ట్రిప్‌కి వెళ్ళొద్దు.

క్లియరెన్స్ విషయంలో చాలామంది బిల్డర్లు ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకి అంగుళంలో వెయ్యో వంతులు 10 దాకా అనే లెక్క వాడతారు. ఎక్కువ వదిలితే పిస్టన్ దూరం నడిచి షిఫ్ట్ ఆలస్యమవుతుంది, మరీ బిగిస్తే క్లచ్ వదలాల్సిన టైమ్‌లో కూడా రాసుకుంటూనే ఉంటుంది. కొత్త ప్లేట్లు ఆయిల్‌లో నానబెట్టకుండా వేయకండి.

నైట్రో_నాని:
అన్నా, ఒప్పుకుంటాను, సీళ్ళు ముఖ్యం. కానీ సీళ్ళు, ప్రెజర్ అన్నీ సరిగా ఉన్న రెండు బాక్సులు పక్కపక్కన పెడితే? అప్పుడు గెలిచేది ఎర్రదే. ఆయిల్ కూడా టైప్-ఎఫ్ పోస్తే ఇంకా గట్టిగా పడుతుంది.

గ్రీజుచేతులు:
టైప్-ఎఫ్‌లో ఫ్రిక్షన్ మాడిఫైయర్లు (పట్టుని మెత్తబరిచే రసాయనాలు) ఉండవు, అందుకే ఆ పట్టు. అయితే శీను గారి కన్వర్టర్ లాకప్ క్లచ్ కంప్యూటర్ చెప్పినట్టు మెల్లగా జారుతూ పట్టుకునే రకం. ఆ ఆయిల్‌లో అది వణుకుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి డెక్స్‌రాన్-6 పోసుకోవడమే మంచిది.

ఇంకో మాట, ట్యూనింగ్‌లో టార్క్ మేనేజ్‌మెంట్ సున్నా చేశారా? షిఫ్ట్ అయ్యే క్షణంలో స్పార్క్ వెనక్కి జరిపి ఇంజన్ టార్క్ తగ్గించేది అదే. మగతనం అనుకుని దాన్ని తీసేస్తారు, ఆ భారం 3-4 క్లచ్ మోస్తుంది.

డాలస్_శీను:
అందరికీ థాంక్స్. ఇవాళ సాల్వెంట్ పోశాను, చెక్‌బాల్ దగ్గర గట్టిగానే కారుతోంది. ట్యూన్ ఫైల్ తెరిస్తే 2-3 షిఫ్ట్‌కి టార్క్ తగ్గింపు సున్నా. పాత ఓనర్ పెట్టించుకున్నదే.

క్యాప్సూల్, సీళ్ళు, రింగులు, బూస్ట్ వాల్వ్ ఆర్డర్ పెట్టాను. ప్లేట్లు టాన్, 7 వేస్తున్నాను. స్టీళ్ళు మరీ పలచనైతే 6కే ఆగిపోతాను. టార్క్ తగ్గింపు కొంత మళ్ళీ పెడతాను, పూర్తిగా కాదు.

నైట్రో_నాని:
టాన్ వేసుకో బ్రో, నీ ఇష్టం. కానీ స్ట్రిప్‌కి వెళ్ళాక డేటా లాగ్ ఇక్కడ పెట్టు. 2-3 షిఫ్ట్ ఎంతసేపు పట్టిందో చూసి అప్పుడు మాట్లాడుకుందాం. నేను నా ఎర్ర ప్లేట్ల లాగ్ పెడతాను.

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ లైన్ ప్రెజర్, ఆయిల్ టెంపరేచర్ కూడా కలిపి పెట్టండి. అవి లేకుండా షిఫ్ట్ టైమ్ ఒక్కటే పెడితే నేను ఎవరి వైపూ మాట్లాడను.